ముగ్గురు రోగులు, ఒకే వ్యాధి: డాక్టర్ హులూసి బెహ్చెత్ జీవితం

నలభై సంవత్సరాలుగా ఒకే బాధతో తిరుగుతున్న ఒక రోగి 1924-25 ప్రాంతంలో ఇస్తాంబుల్ నగరంలోని ఒక చర్మవైద్యుని వద్దకు వచ్చాడు. నోటిలో పూత, మర్మావయవాలపై పుండ్లు, కళ్ళలో ఎరుపు, వాపు. ఈ మూడూ అతనిని విడవకుండా వెంటాడుతున్నాయి. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉంటాయి, మళ్ళీ తిరగబెడతాయి. ఇస్తాంబుల్ వైద్యులు అది సవాయి రోగం కావచ్చునన్నారు, కాకుంటే క్షయ అయి ఉండవచ్చునన్నారు. ఆస్ట్రియా రాజధాని వియన్నాకు పోయి చూపించుకుంటే, అక్కడివారు ఇంతవరకు ఎవరికీ తెలియని ఏదో సూక్ష్మజీవి వల్ల వచ్చినదన్నారు. కంటివైద్యులు కంటిపాప చుట్టూ ఉండే రంగుపొరలో కొంత భాగాన్ని కోసి తీసివేశారు. ఇన్ని చేసినా కొన్నేళ్ళకు అతని చూపు పూర్తిగా పోయింది.

ఆ చర్మవైద్యుని పేరు హులూసి బెహ్చెత్. ఆ రోజున ఆయన వద్ద కూడా ఆ వ్యాధికి పేరు లేదు, మందు లేదు. అయితే ఆయన ఆ రోగిని మరచిపోలేదు. దాదాపు పన్నెండేళ్ళు ఆ మూడు లక్షణాలను మనస్సులో ఉంచుకొని, అటువంటి రెండవవారి కొరకు, మూడవవారి కొరకు ఎదురుచూశారు. నేడు ప్రపంచంలోని వైద్యగ్రంథాలన్నింటిలోనూ ఆ వ్యాధి ఆయన పేరుతోనే ఉన్నది.

పేరును గురించి ముందే ఒక మాట. తురుష్క లిపిలో ఆయన పేరులోని 'చ'కారానికి అడుగున చిన్న తోక ఉంటుంది. ఇంగ్లీషు ముద్రణలో ఆ తోక తరచుగా ఊడిపోతుంది. అందుచేత మన డాక్టర్లు చాలామంది బెహ్సెట్ అని పలుకుతుంటారు. స్వదేశంలో పలికే తీరు బెహ్చెత్. ఇంకొక విశేషం, అది నిజానికి ఆయన తండ్రిగారి పేరు. తండ్రి అహ్మద్ బెహ్చెత్. 1934లో టర్కీలో ప్రతి కుటుంబమూ ఇంటిపేరు పెట్టుకొని తీరవలెనని చట్టం వచ్చినపుడు, హులూసిగారు తండ్రి పేరునే ఇంటిపేరుగా స్వీకరించారు. ఆ విధంగా ఒక వ్యాపారి పేరు వైద్యశాస్త్రంలో నిలిచిపోయింది.

హులూసి 1889 ఫిబ్రవరి 20న ఇస్తాంబుల్ నగరంలో జన్మించారు. అది ఆటోమన్ తురుష్క సామ్రాజ్యం చివరి దశ. చిన్నతనంలోనే తల్లి మరణించగా నాయనమ్మ ఆయనను పెంచింది. తండ్రికి డమాస్కస్‌లో వ్యాపారం ఉండేది. అందువల్ల బాల్యవిద్య కొంతవరకు అక్కడనే సాగింది. డమాస్కస్ నేడు సిరియా రాజధాని. ఆనాడు అదీ ఇస్తాంబుల్ కూడా ఒకే ఏలుబడిలో ఉండేవి. ఇంటిలో తురుష్క భాష, వీధిలో అరబ్బీ. ఇవి చాలవన్నట్టు ఆయన ఫ్రెంచి, లాటిన్, జర్మన్ భాషలను కూడా నేర్చుకున్నారు. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, సంతలో మరొక భాష మాట్లాడే మన సరిహద్దు గ్రామాల పిల్లలకు ఇది వింతగా తోచదు. ఆ భాషలు తరువాతి కాలంలో ఆయనకు ఎంతగా అక్కరకు వచ్చాయో ముందు తెలుస్తుంది.

పదహారవ యేట సైనిక వైద్యవిద్యలో ప్రవేశించి, 1910లో ఇరవై ఒకటవ యేట డాక్టరుగా బయటకు వచ్చారు. గుల్హానె సైనిక వైద్యాలయంలో 1914 వరకు చర్మవ్యాధులు, సుఖవ్యాధులు అనే విభాగంలో పని నేర్చుకున్నారు. ఆ రెండింటికీ ఒకే విభాగమేమిటని అనుకోవచ్చు. సవాయి రోగం ముందుగా చర్మంమీదనే బయటపడుతుంది గనుక అప్పటి యూరప్ ఖండమంతటా ఈ రెండు శాఖలూ కలిసే ఉండేవి. మన దేశంలో కూడా పెద్దాసుపత్రులలో ఈనాటికీ ఆ రెండూ ఒకే గదిలో చూడడం పాఠకులు గమనించే ఉంటారు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయనను కిర్క్‌లారెలి, ఎదిర్నె పట్టణాలలోని సైనిక ఆసుపత్రులకు పంపారు. ఎదిర్నె అచ్చమైన సరిహద్దు పట్టణం. అటు బల్గేరియా, ఇటు గ్రీసు. 1913 మార్చిలో బల్గేరియా సైన్యం దానిని పట్టుకుంటే, జూలైలో తురుష్కులు తిరిగి స్వాధీనం చేసుకున్నారు. అటువంటి ఊరిలో 1914 నుండి 1918 వరకు చర్మవైద్యుడుగా ఆయన పనిచేశారు. యుద్ధకాలపు సైనిక ఆసుపత్రిలో చర్మవైద్యునికి తీరిక ఉండదు. గజ్జి, పేలు, పుండ్లు, సుఖవ్యాధులు. తుపాకి గాయాలకంటె తక్కువగా చెప్పుకునే బాధలు ఇవన్నీ.

యుద్ధం ముగిసే దినాలలో, 1918లో ఆయన మొదట బుడాపెస్ట్‌కు, అటుపిమ్మట బెర్లిన్ నగరంలోని షారిటే ఆసుపత్రికి వెళ్ళి పైచదువు సాగించారు. ఆయన అక్కడ ఉండగానే ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం చీలిపోయింది, జర్మనీ చక్రవర్తి గద్దె దిగాడు, స్వదేశంలో ఇస్తాంబుల్ నగరం విజేతల సైన్యాల అధీనమయింది. మూడు సామ్రాజ్యాలు కూలుతున్న వేళ ఒక యువవైద్యుడు సూక్ష్మదర్శిని ముందు కూర్చొని చర్మం ముక్కలను పరిశీలించడం నేర్చుకున్నాడు. 1919లో స్వదేశానికి తిరిగి వచ్చారు.

1923లో టర్కీ గణతంత్రమయింది. ఆ సంవత్సరమే ఆయన హాస్‌కోయ్‌లోని సుఖవ్యాధుల ఆసుపత్రికి ప్రధాన వైద్యులయ్యారు. ఒక దౌత్యవేత్త కుమార్తెను వివాహం చేసుకున్నారు. వారికి ఒక కుమార్తె. కొలది కాలానికే ఆయన గురబా ఆసుపత్రికి మారారు. గురబా అన్నది అరబ్బీ మూలపదం, గరీబు అన్న మాటకు బహువచనం. మనం తెలుగులోనూ వాడుకునే ఆ గరీబే. పరదేశులకు, దిక్కులేనివారికి వైద్యం చేయడానికై 19వ శతాబ్దంలో సుల్తాన్ తల్లి కట్టించిన ఆసుపత్రి అది. డబ్బు లేని రోగి పోయేది అక్కడికే. వైద్యులు ఏళ్ళ తరబడి ఒకే రోగిని మళ్ళీ మళ్ళీ చూసే అవకాశం కూడా అటువంటి చోటనే ఉంటుంది.

ఆయన పరిశోధన ఒక్క విషయానికి పరిమితం కాదు. సవాయి రోగంపై ఎన్నో వ్యాసాలు వ్రాశారు, 1940లో ఒక పెద్ద గ్రంథమే వెలువరించారు. తురుష్క భాషలో ఆ రోగాన్ని ఫ్రెంగి అంటారు. అంటే ఫిరంగుల ద్వారా వచ్చినది. మన భావప్రకాశమనే ఆయుర్వేద గ్రంథంలోనూ అది ఫిరంగరోగమే. ఎక్కడెక్కడివారో ఒకే విధంగా, తమ రోగానికి పొరుగువాడి పేరు పెట్టారు! ఇసుక ఈగ కాటువల్ల వచ్చే మొండి పుండుపై కూడా ఆయన పనిచేశారు. ఆ పుండుమీది పొక్కును తీసి చూస్తే అడుగుభాగాన మేకుల వంటి ముళ్ళు కనబడతాయని 1923లో గుర్తించారు. ధాన్యపు పురుగులను ఆశ్రయించి బ్రతికే ఒక సన్నని నల్లి మనుషులను కుట్టి, గింజలు ఎత్తిపోసేవారి ఒంటిమీద దురద పొక్కులు కలిగిస్తుందని వివరించారు. అంజూరపు పాలు తగిలితే చర్మం ఎందుకు బొబ్బలెక్కుతుందో పరిశీలించారు. ఇవన్నీ పొలంలో, కళ్ళంలో, తోటలో పనిచేసేవారి బాధలు. ఇవి చిన్న విషయాలని ఆయన అనుకోలేదు.

తాను చూసినదానిని ఫ్రెంచి, జర్మన్ పత్రికలకు వ్రాసి పంపడం ఆయనకు అలవాటు. యూరప్‌లో జరిగే సభలకు తప్పక పోయేవారు. ఆనాటి తురుష్క వైద్యులలో ఇంతగా బయటి దేశాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపినవారు బహుకొద్దిమంది. స్వదేశంలోకంటె బయటనే ఆయనకు ముందు గుర్తింపు వచ్చినదంటే ఆశ్చర్యం లేదు.

1930లో గురబా ఆసుపత్రికి ఒక స్త్రీ వచ్చింది. అవే పుండ్లు నోటిలో, అవే పుండ్లు మర్మస్థానంలో, కళ్ళకు అదే బాధ. క్షయ అనే అనుమానంతో పుండునుండి ముక్క తీసి పరీక్షించారు. క్షయ క్రిమి కనిపించలేదు. సవాయి కాదని కూడా తేలింది. బెహ్చెత్‌గారికి ఆ మొదటి రోగి గుర్తుకు వచ్చాడు. అయితే ఇద్దరితో ఒక సిద్ధాంతం నిలబడదు. ఆయన తొందరపడలేదు.

ఈలోగా 1933లో రెండు సంఘటనలు జరిగాయి. టర్కీ ప్రభుత్వం పాత విద్యాపీఠాన్ని మూసివేసి ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. అందులో చర్మవ్యాధులు, సుఖవ్యాధుల శాఖను స్థాపించే బాధ్యత ఆయనపై పడింది, ఆచార్యులయ్యారు. అదే సంవత్సరం జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చి యూదు ఆచార్యులను కొలువులనుండి తొలగించాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌నుండి వెళ్ళగొట్టబడిన ఫిలిప్ ష్వార్ట్జ్ అనే వైద్యాచార్యుడు స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో కూర్చొని, అటువంటివారికి ఉపాధి చూపే సంఘమొకటి ఏర్పరచాడు. టర్కీ ప్రభుత్వంతో మాట్లాడి పదులకొద్దీ జర్మన్ పండితులను ఇస్తాంబుల్‌కు రప్పించాడు. తానూ వచ్చి అక్కడ రోగనిర్ధారణ శాస్త్రం బోధించాడు. కంటివైద్యంలో పేరుగాంచిన యోసెఫ్ ఈగర్స్‌హైమర్ కూడా అలా వచ్చినవారే. బెహ్చెత్‌గారి పక్క భవనాలలోనే ఇప్పుడు బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ స్థాయి వైద్యులు పనిచేయసాగారు. ఆయనకు వారి భాష వచ్చును. దేశాలు కలిసి పరిశోధన చేయడమని నేడు పెద్దమాటగా చెప్పుకునేది, అక్కడ ఒక దౌర్భాగ్యం మూలంగా మొదలయిందన్న సంగతి మరువరాదు.

1936లో మూడవ రోగి. ఇతను మొదట దంతవైద్యశాలకు పోయిన మనిషి. నోటిపూత తగ్గక పళ్ళు చూపించుకుంటే, అక్కడినుండి చర్మవైద్యానికి పంపారు. వీపుమీద మొటిమల వంటి పొక్కులు, వృషణాల తోలుపై పుండు, కంటిలో మంట, సాయంకాలానికి జ్వరం, కడుపునొప్పి. బెహ్చెత్‌గారికి ఇక సందేహం మిగలలేదు. మొదటి రోగి వచ్చిన నాటికి తురుష్క భాష అరబ్బీ లిపిలో ఉండేది. 1928లో లాటిన్ లిపికి మారింది. అంటే దేశం లిపి మార్చుకునేంత కాలం గడిచిన తరువాత గాని మూడవ రోగి రాలేదన్నమాట. ఆ పన్నెండేళ్ళు ఆ సంగతిని మనస్సులో నిలుపుకొనడమే ఆయన ప్రతిభ అని నా అభిప్రాయం.

అంధగజన్యాయం తెలుగువారికి కొత్త కాదు. ఒకడు తొండాన్ని తడిమి పామంటాడు, ఒకడు కాలిని తడిమి స్తంభమంటాడు. ఇక్కడ జరిగినది అదే. దంతవైద్యుడు నోటిని చూశాడు, కంటివైద్యుడు కన్నును చూశాడు, చర్మవైద్యుడు పుండును చూశాడు. అయితే ఇక్కడ తడిమినవారందరికీ చూపున్నది. పోయినది రోగి చూపు.

1937లో జర్మన్ చర్మవైద్య వారపత్రికలో బెహ్చెత్‌గారి వ్యాసం ప్రచురితమయింది. మళ్ళీ మళ్ళీ వచ్చే నోటి పుండ్లు, మర్మావయవాల పుండ్లు, కంటి వాపు అనేవి మూడు వేర్వేరు రోగాలు కావు, ఒకే వ్యాధికి మూడు లక్షణాలు అని ఆయన అందులో ప్రతిపాదించారు. అదే ఏడాది పారిస్‌లో చర్మవైద్యుల సభలోనూ ఈ విషయాన్ని వినిపించారు. 1938లో మరింత వివరంగా మరొక వ్యాసం వ్రాశారు. కారణం మాత్రం ఏదో వైరస్ అయి ఉండవచ్చునని ఆయన ఊహ. పళ్ళలోని చీము కూడా కారణం కావచ్చునని పారిస్‌లో అన్నారు. ఈ ఊహలు నిలవలేదు. వ్యాధిని సరిగ్గా గుర్తించిన మనిషి దాని కారణాన్ని తప్పుగా ఊహించడం శాస్త్రచరిత్రలో సాధారణమే. కారణం చెప్పలేదు గనుక గుర్తింపు కూడా తప్పే అని వాదించినవారూ ఉన్నారు.

వ్యతిరేకత సొంత శాఖనుండే ఎక్కువగా వచ్చింది. కంటివైద్యులు తొందరగానే ఒప్పుకున్నారు, వారికి అటువంటి రోగులు తారసపడుతూ ఉండేవారు. చర్మవైద్యులు మాత్రం చాలాకాలం ఇవి తమకు ముందే తెలిసిన ఇతర చర్మరోగాలే అని పట్టుబట్టారు. వారి పక్షాన ఒక కారణం చెప్పవలసి ఉన్నది. ఉత్తర యూరప్‌లో ఒక వైద్యుడు జీవితకాలంలో అటువంటి రోగులను ఇద్దరిని చూడడం కూడా కష్టం. తరువాతి కాలపు సర్వేలలో టర్కీలో లక్షమందికి 80 నుండి 370 మంది వరకు ఈ వ్యాధి ఉన్నవారు కనబడితే, బ్రిటన్‌లో లక్షకు ఒక్కరు కూడా తేలలేదు. చూడనిదానిని నమ్మమంటే ఎవరికైనా కష్టమే.

ఇక్కడ మరొక వైద్యుని ప్రస్తావించకపోతే అన్యాయమవుతుంది. బెనెడిక్టోస్ అడమాంటియాడిస్ గ్రీకు కంటివైద్యుడు. 1930 నవంబరులో ఏథెన్స్ వైద్యసంఘం సమావేశంలో ఒక ఇరవయ్యేళ్ళ యువకుని గురించి ఆయన మాట్లాడారు. ఆ యువకునికి కళ్ళలో మాటిమాటికి చీము చేరడం, నోటిలోను మర్మస్థానంలోను పుండ్లు, మోకాలి వాపు. ఇవన్నీ ఒకే జబ్బు అని ఆయన స్పష్టంగా చెప్పి, 1931లో ఫ్రెంచి నేత్రవైద్య పత్రికలో ప్రచురించారు. అంటే బెహ్చెత్‌గారికంటె ఆరేళ్ళు ముందు. ఈ గ్రీకు వైద్యుడు పుట్టినది 1875లో, నేటి టర్కీలోని బుర్సా నగరంలో! 1923లో గ్రీసు, టర్కీ దేశాలు ఒప్పందం చేసుకొని మతాన్నిబట్టి ప్రజలను మార్చుకున్నాయి. దాదాపు పన్నెండు లక్షలమంది క్రైస్తవులు ఆవలికి, నాలుగు లక్షల వరకు ముస్లిములు ఈవలికి పోయారు. పుట్టిన నేల ఒకటే అయినవారు రెండు దేశాలవారయ్యారు. వారిద్దరూ ఒకే వ్యాధిని వేర్వేరుగా గుర్తించారు. అందుచేత గ్రీసులోను, జర్మనీలోను దీనిని అడమాంటియాడిస్-బెహ్చెత్ వ్యాధి అని జంటపేరుతో వ్రాస్తారు. న్యాయమైనది అదేనని నాకు తోస్తుంది. అంతమాత్రాన బెహ్చెత్‌గారి ఘనత తగ్గదు. గ్రీకు వైద్యుడు కంటినుండి బయలుదేరి అక్కడికి చేరాడు, ఈయన చర్మంనుండి బయలుదేరి చేరాడు. ఇంకా వెనుకకు పోతే క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు హిపోక్రటీస్ రచనలలో కూడా ఇటువంటి రోగుల వర్ణన ఉన్నదని పండితులు చూపుతారు.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చి సరిహద్దులు మూతపడ్డాయి. అయినా బెల్జియం, డెన్మార్క్, ఆస్ట్రియా, స్విట్జర్లాండు, జపాన్ వంటి దేశాలనుండి ఒక్కొక్క రోగి గురించి వార్తలు వెలువడుతూనే వచ్చాయి. ఎక్కడో ఒకరు, మరెక్కడో ఇద్దరు. అవి చేరి చేరి పెద్ద సాక్ష్యమయింది. 1947లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ వైద్యసభలో, జ్యూరిక్‌కు చెందిన ఒక ఆచార్యుడు దీనికి బెహ్చెత్ వ్యాధి అని పేరు పెట్టవలసిందిగా సూచించగా ఆ పేరు స్థిరపడింది. ఆ గుర్తింపు చూసిన తరువాత ఆయన ఎంతోకాలం బ్రతకలేదు. 1948 మార్చి 8న గుండెపోటుతో హఠాత్తుగా మరణించారు. అప్పటికి యాభై తొమ్మిదేళ్ళు. 1975లో టర్కీ విజ్ఞాన పరిశోధనా సంస్థ మరణానంతర పురస్కారాన్ని ప్రకటించింది.

ఇంతకూ ఈ వ్యాధి ఏమిటి? మన శరీరంలో బయటి క్రిములతో పోరాడే రక్షణ వ్యవస్థ ఒకటున్నది. కొందరిలో అది క్రిమి లేకుండానే రెచ్చిపోయి తన రక్తనాళాలమీదనే తిరగబడుతుంది. రక్తనాళాలు లేని అవయవం లేదు గనుక బాధ నోటినుండి మెదడు వరకు ఎక్కడైనా కనిపించవచ్చును. ఇది అంటువ్యాధి కాదు. చెడునడతవల్ల వచ్చేదీ కాదు. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణమున్నది. మర్మస్థానంలో పుండు అనగానే సుఖవ్యాధి అనే నింద మోసినవారు ఆ కాలంలో ఎందరో ఉండి ఉంటారు. ఆ మొదటి రోగిని కూడా సవాయి అనే అన్నారు గదా. అన్ని నోటిపూతలూ ఈ వ్యాధి అనుకొని పాఠకులు భయపడవద్దు. నోటిపూతకు పోషకాహార లోపం మొదలుకొని సాధారణ కారణాలు చాలా ఉన్నాయి. 1990లో 7 దేశాలలోని 12 కేంద్రాల వైద్యులు 914 మంది రోగుల వివరాలను పోల్చి ఒక కొలత ఏర్పరచారు. సంవత్సరంలో కనీసం మూడుసార్లు నోటిపూత రావాలి. దానితోపాటు మర్మస్థానపు పుండ్లు, కంటి వాపు, చర్మంమీది మచ్చలు లేక పొక్కులు, సూది గుచ్చిన చోట ఒకటి రెండు రోజులలో పొక్కు లేవడం అనే నాలుగింటిలో రెండు ఉండాలి. ఇప్పుడు ఇంకా కొత్త కొలతలు వచ్చాయి గాని, దీని మహిమ దీనిదే.

ఒక్క దేశంలో పదిమందే ఉంటే వైద్యం నేర్చుకునేదెట్లా? ఈ ప్రశ్నకు యూరప్ దేశాలు కనుగొన్న సమాధానం చేతులు కలపడమే. 1964లో రోమ్ నగరంలో ఈ ఒక్క వ్యాధికోసమే అంతర్జాతీయ సదస్సు జరిగింది. 1977లో ఇస్తాంబుల్‌లో కంటివైద్యుడు, చర్మవైద్యుడు, కీళ్ళవైద్యుడు ఒకేచోట కూర్చొని రోగిని చూసే ప్రత్యేక వైద్యశాల మొదలయింది. మొదటి రోగికి దొరకనిది సరిగ్గా అదే. అక్కడి వైద్యులు కంటిచూపును కాపాడడంలో అజాథియోప్రిన్ మందు పనిచేస్తున్నదని పరీక్షచేసి 1990లో ప్రకటించారు. 2001లో ఏథెన్స్ వైద్యులు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే సూదిమందుతో హఠాత్తుగా వచ్చే కంటివాపు త్వరగా తగ్గుతున్నదని చూపారు. జన్యువులలో హెచ్.ఎల్.ఎ. బి-51 అనే గుర్తు ఉన్నవారికి ఈ వ్యాధి ఎక్కువగా వస్తుందని 1982లో జపాన్ వైద్యులు తేల్చారు. ఆ గుర్తుల కుటుంబంలో మొదటిదానిని 1958లో పారిస్‌లో కనుగొన్నది జాఁ దోసె. గుర్తు ఉన్నవారందరికీ వ్యాధి రాదు, పూర్తి కారణం ఈనాటికీ తేలలేదు.

రెండువేలమందిలో ఒకరికి మించి రాని జబ్బును యూరోపియన్ యూనియన్ అరుదైన వ్యాధిగా లెక్కిస్తుంది. 2017 మార్చిలో అటువంటి వ్యాధులకై 24 వైద్యశృంఖలాలు మొదలయ్యాయి. ఒక దేశపు వైద్యుడు తన రోగి వివరాలను మరొక దేశపు నిపుణుల ముందు ఉంచి సలహా పొందవచ్చును. రోగి ఊరు కదలనక్కరలేదు, కాగితాలే ప్రయాణిస్తాయి. టర్కీ ఆ యూనియన్‌లో సభ్యదేశం కాదు. అత్యధిక రోగులున్న దేశం ఆ గడప బయటనే ఉండడం విచిత్రం. అయినా వైద్యుల మధ్య రాకపోకలు ఆగలేదు.

మన గ్రామాలలో పెద్దజబ్బు చేస్తే ఒక రాష్ట్రంలో చూపించుకొని, నయం కాకుంటే పొరుగు రాష్ట్రానికి పోవడం మామూలు. సంచినిండా చీటీలు, ఒక్కొక్కటి ఒక్కొక్క భాషలో. వాటిని చదివి చెప్పమని ఉపాధ్యాయుల ఇళ్ళకు వచ్చేవారున్నారు. నేనూ చదివాను. పాతచీటీ కొత్త డాక్టరు చూడడు, కొత్తచీటీ పాత డాక్టరుకు చేరదు. ఆ సంచి చూసినప్పుడల్లా నాకు వియన్నాకు, ఇస్తాంబుల్‌కు మధ్య తిరిగిన ఆ పేరులేని రోగే గుర్తుకు వస్తాడు.

హులూసి బెహ్చెత్ యువకుడుగా చదువుకున్న బెర్లిన్ నగరంలో 1990లో జర్మనీ దేశానికంతటికీ ఈ వ్యాధిగ్రస్తుల పట్టిక ఒకటి ప్రారంభించారు. అందులో జర్మనులున్నారు, పనికై వలసపోయి అక్కడే స్థిరపడిన తురుష్క కుటుంబాలవారూ ఉన్నారు. బెర్లిన్‌లోని తురుష్కులలో ఈ వ్యాధి జర్మనులలోకంటె ఎక్కువగా, టర్కీలోకంటె తక్కువగా కనిపించింది. కొంత రక్తంలో వచ్చినది, కొంత నేల మారినందువల్ల తగ్గినది అని అక్కడి వైద్యులు భావిస్తున్నారు. ఆ పట్టికకు వారు పెట్టుకున్న పేరులో గ్రీకు వైద్యుని పేరు, తురుష్క వైద్యుని పేరు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.